ఒకటో వరుస

"ఆపేయమన్నానా లేదా?" అన్నాడు నరసింగరావు. "ఆ ఫైర్‌వాల్ ఆపేసి నెట్ వదిలేయ్. పదింటికి పరీక్ష. తొమ్మిదవుతన్నాది."

"ఆపనండి," అంది తులసి, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే దారిలో ఉన్న ఆ ఆన్‌లైన్ పరీక్షా కేంద్రానికి నరసింగరావు మేనేజరు. అక్కడి కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం తులసిది. పరీక్ష పెట్టేవాళ్ళు అడిగారని నిన్న సాయంత్రం ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌ని ఆమే కొత్తదానికి మార్చింది. బయటినుంచి ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అని చెప్పే రూల్స్ ఫైలు మాత్రం పాతదే ఉంచింది. పొద్దున్న ఆన్ చేస్తే కొత్త సాఫ్ట్‌వేర్ ఆ ఫైలుని తీసుకోలేదు. ఒకటో వరుసలో తప్పుందని చెప్పి, దారులన్నీ మూసేసి కూర్చుంది.

గేటు బయట రెండు వందలమంది నిలబడి ఉన్నారు. ఇచ్ఛాపురం నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు.

"పరీక్ష పేపరు ఆ దారినే వస్తాదండి," అంది తులసి. "కాపలా తీసేస్తే లోపలికెవడొచ్చాడో, ఏ కంప్యూటర్లో ఏటి మార్చాడో మనకి తెలీదు. చదువుకున్నోళ్ళు ఏటైపోతారు?"

"పరీక్షే జరక్కపోతే ఏటైపోతారు? నా మాట వినకపోతే బేగ్ తీసుకుని ఇంటికెళ్ళిపో."

తులసి ఒక కాగితం మీద పాస్‌వర్డ్ రాసి బల్లమీద పెట్టింది. "వెళ్తానండి. మీ చేత్తో మీరే ఆపండి."

నరసింగరావు ఆ కాగితం వైపు చూశాడు. తీసుకోలేదు.

"పాత సాఫ్ట్‌వేరు మూడేళ్ళు నోరెత్తలేదు," అన్నాడు. "నీ చెయ్యి పడింది, మొరాయించింది."

తులసి మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగింది. ఒకటో రూల్‌ని అప్పటికి ఆరుసార్లు చదివింది. అక్షరం అక్షరం కొత్త సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకంతో సరిచూసింది. అందులో ఏ తప్పూ లేదు. చెరిపేసి మళ్ళీ టైపు చేసింది. మళ్ళీ అదే మాట: ఒకటో వరుసలో తప్పు.

గది తుడవడానికి వచ్చిన లక్ష్మణమ్మ కర్ర గోడకానించి ఆమె భుజం మీంచి తొంగిచూసింది.

"ఏటమ్మీ, పొద్దున్నుంచీ దాన్నే సూస్తన్నావు? టీ సల్లారిపోనాది."

"ఇందులో తప్పెక్కడుందో దొరకట్లేదు పిన్నీ."

"నన్నడిగితే నానేటి సెప్తాను? అంతా ఇంగిలీసే. పైనున్న శ్రీ ఒక్కటే సదవగలను."

తులసి చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది.

ఫైలుకి అన్నిటికంటే పైన, మధ్యలో, తెలుగులో 'శ్రీ' అని ఉంది. పొద్దున్నుంచీ ఆమె దాన్ని చూస్తూనే ఉంది. పెళ్ళి పత్రిక మీద, పచారీ చీటీ మీద, పరీక్ష కాగితం మీద అందరూ పెట్టేదే. ఆమె కళ్ళకి అది వరుసే కాదు. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అదే ఒకటో వరుస. తను ఆరుసార్లు చదివింది రెండోది.

"ఇదెవరు పెట్టారండి?"

"నేనే," అన్నాడు నరసింగరావు. "సెంటర్ తెరిచిన రోజున మిషన్‌కి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, నా చేత్తో టైపు చేశాను. దాన్ని ముట్టుకోకు."

"పెద్దబాబుగారు పెట్టిన శ్రీ సెరిపేస్తావేటే?" అంది లక్ష్మణమ్మ కూడా భయంగా.

"చెరపను పిన్నీ."

తులసి శ్రీకి ముందు ఒక చిన్న గుర్తు పెట్టింది. ఆ గుర్తున్న వరుస మనుషులు తమ కోసం రాసుకున్నదని, తను చదవనక్కర్లేదని సాఫ్ట్‌వేర్‌కి తెలుస్తుంది. ఫైలు మళ్ళీ లోడ్ చేసింది. నూట నలభై రూల్సూ ఒక్కటి మిగలకుండా ఎక్కాయి. నెట్ వచ్చింది. గేటు తెరిచారు. పదింటికి పరీక్ష మొదలైంది.

ఒంటిగంటకి అందరూ వెళ్ళిపోయాక నరసింగరావు ఆమెను తన గదిలోకి పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడంలో తన అజాగ్రత్త వల్ల అంతరాయం కలిగిందని, క్షమించమని అందులో తులసి పేరుతో టైపు చేసి ఉంది.

"సంతకం పెట్టు. హెడ్డాఫీసుకి పంపాల."

"పెట్టనండి. తప్పు నాది కాదు."

"మరి నాదా? శ్రీ పెట్టడం తప్పా? అదే శ్రీతో పాతది మూడేళ్ళు నడిచిందా లేదా? ఎన్ని పరీక్షలు చేశాం ఇక్కడ. ఒక్క కంప్లైంటు ఉన్నాదా?"

"అదే నాకూ అర్థం కావట్లేదండి. పాతది ఆ వరుసని ఎలా దాటిందో." తులసి నిలబడే ఉంది. "రోజూ ఆన్ చేయగానే ఏం జరిగిందో ఆ పాతది ఒక ఫైల్లో రాసుకునేది. మూడేళ్ళదీ ఉంది. ఇంకా నేను చూడలేదు. దానిలో అంతా బాగుందని ఉంటే సంతకం పెడతాను."

నరసింగరావు నవ్వాడు. "తియ్యి. నీ ఉత్తరంతో పాటు దాన్నీ పంపిద్దాం. ఎవరి చేతిలో మిషన్ ఎలా నడిచిందో హెడ్డాఫీసోళ్ళు కూడా సూస్తారు."

"ముందు చదవరా?"

"చదివేదేటున్నాది, నేను నడిపిన సెంటరే కదా."

ఆమె ఫైలు ఆయన కంప్యూటర్‌కి పంపింది. ఆయన దాన్ని మెయిల్‌కి జతచేసి, హెడ్డాఫీసులో ముగ్గురు పెద్దవాళ్ళ పేర్లు పెట్టి, తన వేలితో తానే సెండ్ నొక్కాడు. వెళ్ళిందని చూసుకున్నాక కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఇప్పుడు సూడు," అంటూ ఫైలు తెరిచి, కళ్ళజోడు పెట్టుకున్నాడు.

సెంటర్ తెరిచిన రోజు నుంచి నిన్నటి దాకా తేదీలు వరుసగా ఉన్నాయి. ప్రతి తేదీ పక్కనా ఒకే మాట ఉంది: "ఒకటో వరుసలో తప్పు. రూల్స్ ఒక్కటీ లోడ్ కాలేదు, దారులన్నీ తెరిచే ఉంచాను."