గులాబీ ఇసుక కింద

ఇటలీకి చెందిన సార్డీనియా పక్కనున్న ఒక చిన్న దీవిలో, గులాబీ రంగు ఇసుకను ఎవరూ ఎత్తుకుపోకుండా బక్కీజియో ఒక్కడే కాపలా ఉండేవాడు. ఒక రాత్రి గాలి ఆగిపోయాక, తీరంలో ఇసుక తోడుతున్న చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే ఒకడు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తవ్వుతున్నాడు.

"దొంగ వెధవా, లేవరా!"

వాడు లేవలేదు. బక్కీజియో చేతిలోని పడవ తెడ్డు ఎత్తి తల మీద బలంగా కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడైంది. వెల్లకిలా తిప్పి టార్చి వేస్తే, సొంత తమ్ముడు గవీనో! నోటి నిండా నెత్తురు.

"దొంగతనానికి రాలేదన్నా... కింద ఎవరో తడుతున్నారు. నీకు వినపడట్లేదా?"

అంతే, ఊపిరి ఆగిపోయింది.

బక్కీజియో తమ్ముణ్ణి ఒళ్లోకి తీసుకుని ఏడుస్తుండగా మోకాళ్ల కింద ఇసుక అదిరింది. లోపలి నుంచి గవీనో గొంతే పలికింది.

"అన్నా, తవ్వు."