తొమ్మిదో భాగం

ఆయా పుస్తకం మూసేసింది.

“అయ్యో, అక్కడ ఆపకే తల్లీ!” అంది మంచం మీది పెద్దావిడ. “రేవులో కనబడింది ఆ పిల్లేనా, కాదా?”

“రేపు చూద్దామమ్మా. మూడయింది. తుడుపు పని మిగిలిపోయింది.”

పక్క మంచం మీద పిండికట్టు కాలు వేలాడదీసుకుని ఉన్న టైలరమ్మ నవ్వింది.

“ఈ కథ అయ్యేలోపు నా కాలు అతుక్కుని, నేను పరుగెత్తుకుంటూ ఇంటికి పోతాను చూడండి.”

పెద్దావిడ నవ్వలేదు. చూపు పోయి ఏడాదైంది. ఐదు నెలలుగా గుండె జబ్బుతో ఈ వార్డులోనే ఉంటోంది.

వార్డు చివర అద్దాల బీరువాలో ఎవరో ఇచ్చిన నవల ఉంది. మొత్తం పది భాగాలు. ఆయా రోజూ మధ్యాహ్నం కంచాలు తీసేశాక, స్టూలు మీద కూర్చుని ఒక అధ్యాయం చదివేది.

వరదలో తల్లి చెయ్యి జారి తప్పిపోయిన ఐదేళ్ల పిల్ల కథ. తల్లి ఊరూరా తిరుగుతూ వెతుకుతూ ఉంటుంది. ఎనిమిది భాగాలు అయిపోయాయి. పిల్ల దొరకలేదు.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి పెద్దావిడ కూతురు వచ్చేసరికి డాక్టరు గుమ్మంలోనే ఎదురయ్యాడు.

“నాలుగైదు రోజులమ్మా. అంతకన్నా చెప్పలేను.”

లోపల తల్లి కళ్లు తుడుచుకుంటోంది.

“ఆ పిల్ల దొరికిందో లేదో తెలియకుండానే పోతానేమోనే.”

కూతురు వసారాలోకి వెళ్లింది. ఆయా బకెట్ మోసుకుంటూ వస్తోంది.

“ఆయా, ఆ కథ చివర ఏమవుతుందో చెప్పేయ్.”

“తెలీదు తల్లీ. నేనూ అక్కడిదాకానే వచ్చాను.”

“పదో భాగం తీసి చివరి పేజీలు చదివేయొచ్చుగా?”

ఆయా బకెట్ కింద పెట్టింది.

“కథ వరసలో పోవాలమ్మా. మధ్యలో దూకేస్తే, పిల్ల దొరికినా మనకి దొరికినట్టుండదు.”

“మా అమ్మకి అంత టైం లేదు.”

“అందుకే ఆపుతున్నాను. రేపు ఏమవుతుందో అనుకుంటే, రేపటిదాకా ఉంటారు.”

కూతురికి ఒళ్లు మండిపోయింది.

“మా అమ్మ ప్రాణంతో ఆటలా నీకు?”

ఆయా ఏదో చెప్పబోయింది. కూతురు వినలేదు. తిన్నగా హెడ్ నర్సు గదికి వెళ్లింది.

“మీ ఆయా పని మానేసి మా అమ్మ దగ్గర కబుర్లు పెట్టుకుంటోంది. రోజూ ఏడిపించి పోతోంది. ఇంకెక్కడైనా వెయ్యండి.”

హెడ్ నర్సు ఫైలు మీంచి తల ఎత్తలేదు. “సరే, వార్డు మారుస్తాను.”

మర్నాడు కూతురు సెలవు పెట్టింది. బీరువాలోంచి పదో భాగం తెచ్చి, చివరి అధ్యాయం తీసి చదవడం మొదలుపెట్టింది. ఇద్దరు అన్నదమ్ములు నూలు మిల్లు పంచుకుంటున్నారు.

“వీళ్లెవరే?” అంది తల్లి.

“మధ్యలో చాలా జరిగుంటుందిలేమ్మా.”

“మరి పిల్లేదీ?”

కూతురు వెనక్కి తిప్పింది. పిల్ల లేదు. తొమ్మిదో భాగం తెచ్చింది. దాన్నిండా మిల్లు, సమ్మె, కోర్టు. ఎనిమిది తెచ్చింది. ఏడు తెచ్చింది. కాసేపటికి పది భాగాలూ నేల మీద పరిచి ఉన్నాయి. వరద లేదు. రేవు లేదు. చెయ్యి జారిన తల్లి లేదు.

“ఇవేనా అక్కా ఆవిడ చదివినవి?” అని టైలరమ్మను అడిగింది.

“ఇవే చెల్లీ. నా కళ్లారా చూశాను. చక్కగా పేజీ తిప్పుకుంటూ చదివేది.”

“నీకు చదవడం రాదు. ఆయాని పిలువు,” అంది తల్లి.

కూతురు పిలవడానికే వెళ్లింది. ఏ వార్డులోనూ ఆయా లేదు. వార్డు మారుస్తామని చెప్పగానే చీపురు గోడకి ఆనించి, చెంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయిందట.

రెండో రోజు పాలిస్తే తల్లి తాగలేదు. కూతురు తనకు తోచినట్టు కల్పించి చెప్పింది. పిల్ల దొరికిందంది. తల్లి మెడ పట్టుకుని ఏడ్చిందంది.

“అంత సులువుగా దొరకదే,” అని పెద్దావిడ గోడవైపు తిరిగి పడుకుంది.

మూడో రోజు తెల్లవారేసరికి ఆ మంచం ఖాళీ అయింది.

కాగితాల మీద సంతకాలు పెట్టాక కూతురు హెడ్ నర్సు ముందు నిలబడింది.

“ఆ ఆయా అడ్రసు ఇవ్వండి. అది ఏ పుస్తకమో ఒక్కసారి అడగాలి. క్షమించమని కూడా అడగాలి.”

“అడ్రసు ఎక్కడిదమ్మా? ఏ ఊళ్లోనూ ఆరు నెలలు నిలిచే మనిషి కాదు. ఎవర్నో వెతుక్కుంటూ తిరుగుతుంది. అయినా ఆవిడకి పుస్తకమేంటి?” అంటూ హెడ్ నర్సు హాజరు పుస్తకం తీసి ఆయా పేరున్న వరస చూపించింది.

పైనా కిందా అందరివీ సంతకాలే. ఆ ఒక్క వరసలో మాత్రం, ఐదు నెలల పొడుగునా, నీలి సిరా వేలిముద్రలు.