తీసిపెట్టిన రొట్టెముక్క

“లోపలికి వీల్లేదు” అంది కామేశ్వరి, లైబ్రరీ హాలు తలుపుకు అడ్డంగా నిలబడి.

ముసలాయన చేతికర్ర మీదికి వంగి, “ఫ్రీదా మాట్లాడుతోందా?” అన్నాడు.

“మాట్లాడుతుంది. మీరు వినక్కర్లేదు.”

కామేశ్వరి గుడివాడలో సోషల్ టీచరుగా రిటైరై, 2008లో కూతురు విద్య దగ్గర కొన్నాళ్ళుందామని అమెరికాలోని పిస్కాటవే వచ్చింది. టీచరమ్మ గనక ఇంగ్లీషుకు వెనకాడే మనిషి కాదు. హిట్లర్ పాఠం ఏళ్ళ తరబడి నాలుగు మార్కుల ప్రశ్నగా చెప్పిందే గాని, ఆ నరకంలోంచి బతికి బయటపడ్డ యూదు మనిషి పక్కవీధిలోనే కనిపిస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఫ్రీదా పరిచయమయ్యాక ఆవిడ ఎప్పుడు మాట్లాడినా కామేశ్వరి ముందు వరుసలో ఉండేది. ఈ ముసలాయన వెనక వరుసలో ఉండేవాడు.

ఫ్రీదా పోలండులో తన చిన్నతనం చెబుతున్నంతసేపూ ఆయన నోరెత్తడు. సరిగ్గా ఒకచోటికి రాగానే లేచి, “అబద్ధం! అలా జరగలేదు!” అని అరుస్తాడు. ఇక హాలంతా గొడవ. ఇంకోసారి ఇలాగైతే ఈ కార్యక్రమమే ఆపేస్తామని లైబ్రరీవాళ్ళు పోయినసారి తేల్చి చెప్పేశారు.

“ఇలాంటివాళ్ళు ఉంటారమ్మా. అసలా మారణకాండే జరగలేదంటారు. ఆర్గ్యూ చేసి లాభం లేదు” అంది విద్య.

“జరగలేదా? పడ్డ మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే జరగలేదా? కళ్ళు పోయాయా వీడికి?” కామేశ్వరి కోపమంతా ఆ పూట అంట్లగిన్నెల మీద చూపించింది. అరిచినవాడు దర్జాగా వచ్చిపోతాడట, అనుభవించినావిడ నోరు మూసుకోవాలట! ఇదెక్కడి న్యాయం? అందుకే ఈవేళ తనే గుమ్మంలో కాపలా కాసింది.

“వెనకే కూర్చుంటాను మేడమ్” అన్నాడు ముసలాయన.

“అరవనని మాటిస్తారా?”

ఆయన తల దించుకున్నాడు. “ఇవ్వలేను.”

“సిగ్గుండాలి!” తలుపు మొహం మీదే వేసేసింది.

లోపల ఫ్రీదా చెబుతోంది. సైనికులు ఊళ్ళోని యూదులందరినీ సంత మైదానంలోకి తోలారు. తల్లి ఆరేళ్ళ ఫ్రీదా చేతిని కొడుకు చేతిలో పెట్టి, వదలకు నాయనా అంది.

“మా అన్న నన్ను అక్కడే రొట్టెలు కాల్చి అమ్మే ఆవిడ బొగ్గుగదిలోకి తోసేశాడు. సైనికులు తన వెంట పడాలని తను ఎదురుదిక్కుకు పరుగెత్తాడు. నేను బతికానంటే మా అన్న చలవే.”

అరుపు వినిపించేది ఇక్కడే. ఈసారి ఎవరూ అరవలేదు. ఫ్రీదా మాత్రం ఒక్క క్షణం ఆగి, వెనక వరుస వైపు చూసి, మళ్ళీ అందుకుంది.

“యుద్ధం అయ్యాక మా ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది మా పక్కింటావిడ. ఒంటిమీద మా అమ్మ కోటు. ‘నువ్వింకా చావలేదా?’ అంది. తుపాకులవాళ్ళ సంగతి సరే, ఈవిడకేం వచ్చింది? ఆవిడ పిల్లలకు పురుడు పోసింది మా అమ్మే!”

కామేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. ఆ పక్కింటావిడ కనబడితే చెంప పగలగొట్టాలనిపించింది.

మాటలయ్యాక ఫ్రీదా ఎప్పటిలాగే జడలా అల్లి కాల్చిన రొట్టె కోసింది. మొదటి ముక్క ఒక పళ్ళెంలో తీసిపెట్టి, గుడ్డ కప్పి, ఆ తరవాతే అందరికీ పంచింది. అది ఎవరికోసమో కామేశ్వరి ఎన్నడూ అడగలేదు. అడగాలా? పోయినవాళ్ళ పేరు తలుచుకుని తీసిపెట్టడం మన ఇళ్ళలో లేదా? చెల్లెలి కోసం ప్రాణమిచ్చిన ఆ అన్నను తలుచుకుంటే చాలు, కామేశ్వరికి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

ఫ్రీదా ఆ పళ్ళెం పట్టుకుని దగ్గరికొచ్చింది. “వెనక కూర్చునే ఆయన రాలేదే?”

“రానిస్తానా? గుమ్మంలోంచే పంపించేశాను. ఇక మీ మాటకు అడ్డం రాడు” అంది కామేశ్వరి, మెచ్చుకుంటుందనుకుని.

ఫ్రీదా ముఖం పాలిపోయింది. “ఈ చలిలోనా? ఎటు వెళ్ళాడు?” కోటు కోసం వెతుక్కుంది.

“వాడి కోసం మీరు వెళ్ళడమేమిటండీ? మీ అన్నయ్య త్యాగాన్ని అబద్ధమన్నవాడి కోసం!”

“ఆయన చెప్పేదే నిజం, కామేశ్వరీ.”

“ఏమిటీ?”

“మా అన్న నా చెయ్యి వదిలేసి పారిపోయాడు. నన్ను లోపలికి లాగింది రొట్టెలావిడే. పన్నెండేళ్ళ పిల్లాడు, భయపడ్డాడు. అంతమంది తుపాకులు పట్టుకుని నిలబడితే, తప్పు ఆ పిల్లాడిదా? ఎవరన్నా సరే, నేనొప్పుకోను! అందుకే అలా చెబుతాను. చచ్చేదాకా అలాగే చెబుతాను.”

కామేశ్వరి ఆవిడ వెనకే తలుపు దాకా వెళ్ళింది. “మరి ఇదంతా ఆ ముసలాయనకెలా తెలుసు?”

ఫ్రీదా అప్పటికే తలుపు తీసి పార్కింగ్ లాట్ అంతా కళ్ళతో గాలిస్తోంది.

“ఆయనే మా అన్న.”