రెండో మనిషి

"ఎనిమిది వందల మందిని కలిశానన్నారు. ఎక్కడ కలిశారు?"

డాక్టరమ్మ కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే అడిగింది. దగ్గులాయన కుర్చీ అంచున కూర్చొని, అప్పటికి నాలుగోసారి కాలు మీద కాలు వేసి తీసేశాడు. ఆఫీసులో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఫోను పట్టుకుని తిరిగి జనం దగ్గుల్ని రికార్డు చేసి తేవడం అతని పని. ఎక్స్‌రేకి దొరకని ఊపిరితిత్తుల జబ్బును దగ్గు విని పట్టేయడం అక్కడి కంప్యూటరు నేర్చుకుంటోంది. దానికి రకరకాల మనుషుల దగ్గులు కావాలి. ఇవాళ డాక్టరమ్మ సంతకం పెడితే అతని ఉద్యోగం ఖాయమవుతుంది.

"బస్టాండులో, మార్కెట్లో... ఎక్కడ పడితే అక్కడేనండీ."

నిజానికి మొదటి రోజు బస్టాండులో పన్నెండు మందిని అడిగాడు. పదకొండు మంది పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. పన్నెండో ఆయన కొట్టబోయాడు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, వెనక గదిలో తలుపేసుకుని తనే దగ్గడం మొదలుపెట్టాడు. ముసలి దగ్గు, పడుచు దగ్గు, పొగ తాగేవాడి దగ్గు, ఆడగొంతు దగ్గు. తనలో ఇంత కళాకారుడు దాక్కున్నాడని అతనికే తెలీదు. నెల రోజులు ఇంట్లో గిన్నె మోగినా కసురుకున్నాడు. రికార్డింగులో చిన్న చప్పుడు వినపడితే కొంప మునుగుతుందని భయం.

"మీరిచ్చిన దగ్గుల్లో నిజంగా ఎంతమంది మనుషులున్నారో ఒక లెక్క కట్టాం. దగ్గులు ఒకదాన్నొకటి పోలిన కొద్దీ అంకె తగ్గిపోతుంది. ఒకే దగ్గును పదే పదే వినిపిస్తే, లోకమంతా అలాగే దగ్గుతుందనుకుంటుంది ఈ కంప్యూటరు. అందుకని ముందే చూసుకుంటాం."

"ఎంతొచ్చిందండీ?"

"రెండు."

ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుదామనుకున్నాడు. ఉద్యోగం పోయిందనే బెంగ ఒకపక్క పీకుతూనే ఉంది. ఇంకోపక్క ఆ అంకె చెవిలో జోరీగలా తిరుగుతోంది. రెండేమిటి?

"ఒక్కటేనండీ," అనేశాడు చివరికి.

"అంటే?"

"అన్నీ నావే. తప్పయిపోయింది, జనం దగ్గమంటే దగ్గలేదండీ. కానీ రెండో మనిషి మాత్రం లేడు. తలుపేసుకుని మరీ దగ్గాను. మీ లెక్కే ఎక్కడో తప్పిందండీ."

డాక్టరమ్మ కేకలేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు. కుర్చీ అతని దగ్గరికి జరుపుకుంది. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"మీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. మీ దగ్గులో ఏ జబ్బూ లేదు. నూట ఎనభై రికార్డింగుల్లో మీ వెనక ఇంకొకరు దగ్గుతున్నారు. తెర మీద ఈ ఎర్ర గుర్తు ఆ మనిషి జబ్బుదే. ఇప్పుడైతే మందులకు లొంగుతుంది. ఆరునెలలు ఆగితే లొంగదు. ఆ మనిషి నాకు ఇవాళే కావాలి."

"ఎవరూ లేరంటున్నానుగదండీ."

ఆవిడ ఒక రికార్డింగు పెట్టింది. ముందు అతని పొగ తాగేవాడి దగ్గు వచ్చింది, గది దద్దరిల్లేలా. అది అయ్యాక, ఫోను ఆపేలోపు, గోడ అవతల నుంచి సన్నగా ఒక పొడిదగ్గు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుంది. ఆగింది. ఆపుకోలేక మళ్లీ వచ్చింది.

అంతవరకూ ఊగుతున్న దగ్గులాయన కాలు ఆగిపోయింది. జేబులోంచి ఫోను తీశాడు. రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారికి ఇంటికి కలిపాడు. అవతల భార్య ఎత్తింది. ఇతను హలో అనేలోపే ఆవిడే, అలవాటైపోయిన గుసగుసతో అడిగింది.

"ఏమండీ, రికార్డింగులన్నీ ఇచ్చేశారా? అయితే ఇక నేను గట్టిగా దగ్గుకోవచ్చా?"