మునిశేఖర్ చెక్కిన తెడ్డు

"ఇది తెడ్డా, అట్లకాడా?" అన్నాడు దామోదరం.

మునిశేఖర్ బాడిశ పక్కన పెట్టి లేచాడు. "ఇంకా చెక్కతా ఉండా మామా."

దామోదరం ఆ టేకు చెక్కను తీసుకుని, ఒక కన్ను మూసి వంకర ఉందేమో చూశాడు. అంచు మీద బొటనవేలు రాశాడు. కింద పడేసి, "మగ్గం నేసే చేతులకి నీళ్ళ పని యాడ వస్తాదబ్బా" అంటూ ఆరణియార్ డ్యాము వైపు నడిచాడు. రూపశ్రీకి తండ్రి మరి, ఆ మాత్రం బెట్టు ఉండాలి.

ఫోను, బండి ఇచ్చిపుచ్చుకునే ఈ రోజుల్లోనూ చేపలు పట్టే దామోదరం వంశంలో ఒక పట్టింపు ఉంది. పిల్లనడిగినవాడు తన చేత్తో తెడ్డు చెక్కి తేవాలి. మామ దాంతో గుండ్రటి పుట్టి పడవ నడిపి అవతలి గట్టు తాకి రావాలి. తెడ్డు విరిగితే సంబంధం లేనట్టే. మునిశేఖర్ వాళ్ళేమో తాత కాలంలోనే చేపలు పట్టడం మాని నగరికి మరమగ్గాల పనికి పోయారు. తెడ్డు కోసం ఈ ఊరొచ్చిన అతనికి ఉలి పట్టడం రాదు. రూపశ్రీని వదులుకోవడం అంతకన్నా రాదు.

సాయంత్రం రూపశ్రీ సంగటి తెచ్చింది. తెడ్డు వైపు చూసీ చూడనట్టు చూసి, "రెక్క మందంగా ఉండాది బావా. అంచులు పలచన చెయ్యి, నడుమ మాత్రం ముట్టొద్దు" అంది.

"నీకింత పనితనం యాడిది?"

"ముందు తిను. సల్లారిపోతాది."

మర్నాడు దామోదరం మళ్ళీ వచ్చాడు, మళ్ళీ తిప్పి తిప్పి చూశాడు. "పొయ్యిలోకి పనికొస్తాది" అని పోయాడు. సాయంత్రం రూపశ్రీ, "పిడి లావైంది, పిడికిట్లో ఇమడాల" అంది.  తండ్రి నోట విషం, కూతురి నోట అమృతం అనుకున్నాడు మునిశేఖర్.

రంగులు మాత్రం ఎవరూ చెప్పకుండా తనే వేశాడు. చీర అంచులో నేసే గోపురాల బారు, ఎరుపూ పచ్చా, రెక్క నుంచి పిడి దాకా దించాడు.

"తెడ్డుకి చీర కట్టినావా?" అన్నాడు దామోదరం.

"పట్టే చోట రంగు గీకేయి బావా, తడిస్తే జారతాది. రెక్క మీద గోపురాలు ఉండనీ. బాగుండాయి" అంది రూపశ్రీ.

పరీక్ష రోజు గాలి ఎక్కువగా ఉంది. పుట్టి నడినీళ్ళలో గిర్రున తిరిగినప్పుడు మునిశేఖర్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి దామోదరం అవతలి గట్టు తాకి తిరిగి వస్తున్నాడు. దిగి, పైగుడ్డతో తెడ్డు తుడిచి, "తాంబూలాలకి మీవాళ్ళని పిల్చుకోని రా" అన్నాడు ముభావంగా.

 మునిశేఖర్ రూపశ్రీ దగ్గరికి పోయి, "మీ నాయన పెట్టిన ఏడుపుకి, నువ్వు చెప్పబట్టి గట్టెక్కినా. నీకెవరు నేర్పినారే ఇదంతా?" అన్నాడు.

రూపశ్రీ నవ్వింది. "నేనెప్పుడు తెడ్డు పట్టినాను బావా?"

ఆమె గట్టు మీద నడిచి పోతున్న తండ్రి వైపు చూసింది.

"దినమూ చెప్పి పంపింది నాయనే."