ముందే తీసిన నవ్వు

"ముందు మీ నవ్వులు తీసిపెట్టుకుంటాం. అతిథి తర్వాత వస్తారు. ఊఁ, గట్టిగా నవ్వండి!" అన్నాడు టాక్ షో ఫ్లోర్ మేనేజర్.

అందరూ నవ్వారు. మొదటి వరసలో కూర్చున్న నేను మాత్రం నవ్వలేదు.

"ఏంటి పిన్నిగారూ? తొమ్మిదేళ్లుగా ప్రతి షూటింగుకీ మీ నవ్వే మాకు ఊపు!"

"కిందటి నెల కూడా ఇలాగే నవ్వించావు. టీవీలో చూస్తే, ఒక నర్సు చనిపోయిన తన కొడుకు గురించి చెబుతూ ఏడుస్తుంటే, మధ్యలో నా నవ్వు అతికించారు. నిన్న ఆసుపత్రిలో ఆవిడ నన్ను గుర్తుపట్టి, 'ఎందుకు నవ్వారండీ?' అని అడిగింది."

"ఎడిటింగులో ఏదో పొరపాటు. ఇప్పుడు నవ్వకపోతే మీ కుర్చీ ఇంకొకరికి ఇస్తాను."

కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"లేపు చూద్దాం! ముందు మనిషిని రానీ. మాట విననీ. నవ్వొస్తే నువ్వు చెప్పక్కర్లేదు."

అప్పటిదాకా నవ్వుతున్న పక్కావిడ నవ్వు ఆపేసి, తన కుర్చీ చేతులు పట్టుకుంది.