ఖాళీ వీధిలో గొడుగుల అత్త

మధ్యాహ్నంలోగా తమ చోట కనబడిన వీధి వ్యాపారులకే గుర్తింపు కార్డు. అది చేతిలో ఉంటే ఇక ఎవరూ అక్కడినుంచి లేపలేరు. ఆ కార్డులు రాయడానికి వచ్చిన గుమాస్తా వ్యాన్ దిగేసరికి వీధి ఊడ్చిపెట్టినట్టుంది. నలభై బళ్లూ మాయం.

మాయం కాక ఏమవుతాయి? పదేళ్లుగా తమ సరుకు ఎత్తుకెళ్లిన మునిసిపాలిటీ వ్యాన్‌లోనే హక్కులు పంపితే ఎవరు నిలబడతారు?

గొడుగులమ్మే అత్త ఒక్కతే పీట మీద కూర్చుని ఉంది.

"ఈ వీధికి ఒక్కరే అని రాసుకోనా అమ్మా?" అన్నాడు గుమాస్తా.

"తొందరపడకు నాయనా. ఏదీ, ఆ కార్డిటివ్వు." అటూ ఇటూ తిప్పి చూసింది. "నిజమైనదే. ముందు మీ వ్యాన్‌ని సందు దాటించు."

"అది ప్రభుత్వ వాహనమమ్మా."

"అందుకే దాటించమంటున్నా."

వ్యాన్ మలుపు తిరిగింది. అత్త నోట్లో వేళ్లు పెట్టుకుని రెండు పొట్టి ఈలలు వేసింది. వ్యాన్ పోయిందని ఆ వీధివాళ్ల గుర్తు అది. నిమిషంలో సందుల్లోంచి బళ్లవాళ్లు పొలోమని వచ్చి, ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. గుమాస్తా చెయ్యి నొప్పెట్టేదాకా నలభై ఒక్క పేర్లు రాశాడు.

చివరి కార్డు అత్తకిస్తూ, "మమ్మల్ని నమ్మి కూర్చున్నది మీరొక్కరేనమ్మా," అన్నాడు.

అత్త నవ్వింది. "నమ్మడమా? వ్యాన్ వస్తే మాలో ఒకళ్లం కావాలనే దొరికిపోతాం. ఆ ఒక్కళ్ల సరుకు ఎత్తేలోపు మిగతావాళ్లు తప్పించుకుంటారు. ఇవాళ నా వంతు. అందుకే మంచి గొడుగులు ఇంట్లో పెట్టి, అన్నీ విరిగినవే తెచ్చా."